ముగ్గుల పోటీలో దొంగ లైకులు: మోడల్ 99 శాతం కరెక్ట్ అంటోంది, ఖాతాలు బ్లాక్ చేసేయొచ్చా?

మీ ప్రశ్న నాకు ఇలా అర్థమైంది, తేడా ఉంటే చెప్పండి. మీది 40 వేల మంది వాడే తెలుగు యాప్. సంక్రాంతికి ముగ్గుల పోటీ పెట్టి, ఎక్కువ లైకులు వచ్చిన ముగ్గుకి మిక్సీ బహుమతి అన్నారు. రెండు మూడు ముగ్గులకి రాత్రికి రాత్రి వందల లైకులు పడ్డాయి, మిగతావాళ్లు గొడవ పెట్టుకున్నారు. మీరు కూర్చుని 200 దొంగ ఖాతాలు ఏరి, ఖాతా వయసు, పేరులో అంకెలు, ప్రొఫైల్ ఫొటో, ఒకే ఐపీ (ఇంటర్నెట్ చిరునామా) మీద ఎంతమంది ఉన్నారు లాంటి గుర్తులతో రాండమ్ ఫారెస్ట్ మోడల్ (బోలెడు చిన్న అవును-కాదు ప్రశ్నల చెట్లు ఓటేసి తేల్చే పద్ధతి) తయారు చేశారు. అది 99 శాతం కరెక్ట్ అని చూపిస్తోంది. దాన్ని ఆన్ చేసి ఆటోమేటిగ్గా బ్లాక్ చేయించాలా, లేక జీఎన్ఎన్ (ఎవరు ఎవరితో కలిసి ఉన్నారన్న అల్లిక నుంచి నేర్చుకునే డీప్ లెర్నింగ్ మోడల్) నేర్చుకుని అది పెట్టాలా అని అడుగుతున్నారు.

ఇప్పటికైతే రెండూ వద్దు. పదేళ్లకు పైగా నేను ఈ పనిలోనే ఉన్నాను: దొంగ ఖాతాలు, స్పామ్, లైకుల అమ్మకాలు. ఆ అనుభవంతోనే చెప్తున్నాను.

మొదట ఆ 99 శాతం సంగతి చూద్దాం. 40,000 మందిలో దొంగలు 200 అనుకుంటే మంచివాళ్లు 39,800. అసలు ఏమీ చూడకుండా 'అందరూ మంచివాళ్లే' అని చెప్పే మోడల్ కూడా 99.5 శాతం కరెక్టే! ఇంకోలా చూడండి. మీ మోడల్ దొంగల్లో నూటికి 99 మందిని పడుతుంది, మంచివాళ్లలో నూటికి ఒక్కరిని పొరపాటున పడుతుంది అనుకుందాం. అప్పుడు 198 మంది దొంగలు దొరుకుతారు, వాళ్లతో పాటు 398 మంది అమాయకులు కూడా. మొత్తం 596 మందిని బ్లాక్ చేస్తే అందులో ముగ్గురిలో ఇద్దరు ఏ పాపం ఎరుగని వాళ్లు. 40 వేల మంది ఉన్న యాప్‌లో దాదాపు 400 మందిని అన్యాయంగా బయటికి నెడితే, మర్నాడు ప్లే స్టోర్‌లో మీ రేటింగ్ ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

పాత ఉద్యోగంలో నేను చేసిన ఘనకార్యం ఒకటుంది. కంపెనీ పేరు అనవసరం. ఒకే ఫొటోను గంటలో ఇన్ని ఖాతాలకు మించి పోస్ట్ చేస్తే, ఆ ఖాతాలన్నీ ఒక రోజు ఆగిపోయేలా రూల్ రాశాను. నెల రోజులు బ్రహ్మాండంగా పనిచేసింది, లోన్ ప్రకటనలు గుమ్మరించేవాళ్లు మాయమయ్యారు. భోగి రోజు తెల్లవారుజామున ఫోన్ మోగింది. భోగిమంట బొమ్మ మీద శుభాకాంక్షలు రాసిన ఒకే ఫొటోను ఊరూరా జనం పెట్టుకుంటున్నారు, నా రూల్ వాళ్లను వరసపెట్టి ఆపేస్తోంది. అలా ఆగినవాళ్లలో మా మేనత్త కూడా ఉంది. ఇప్పటికీ పండక్కి వెళ్తే 'నన్ను దొంగదాన్ని చేశావు కదరా' అంటుంది. మామూలుగా జరగనిదీ, దురుద్దేశంతో జరిగేదీ ఒకటి కాదని నాకు అర్థమైంది ఆ రోజే. యంత్రానికి తెలిసేది మొదటిదొక్కటే.

ఇక మీరు వాడిన గుర్తులు. పరిశోధన పేపర్లలో చదివినప్పుడు అన్నీ బాగానే ఉంటాయి, మన జనం మీద పెట్టి చూస్తే తేడా కొడతాయి. పేరు వెనక నాలుగు అంకెలుంటే అనుమానం అన్నారు. శ్రీనివాస్, లక్ష్మి, వెంకటేశ్ అనే పేర్లతో ఎంతమంది ఉన్నారో చూశారా? పేరు దొరక్క అంకెలు తగిలించుకున్నవాళ్లే వాళ్లంతా. ఒకే ఐపీ నుంచి వందమంది అన్నారు. మొబైల్ డేటాలో కంపెనీలు సీజీన్యాట్ అనే పద్ధతిలో ఒకే పబ్లిక్ ఐపీని ఎంతోమందికి పంచుతాయి, ఆ వందమందికి ఒకరి మొహం ఒకరికి తెలియకపోవచ్చు. అమీర్‌పేట హాస్టల్ వైఫై అయితే చెప్పక్కర్లేదు. ప్రొఫైల్ ఫొటో లేకపోవడం అంటారా, మన ఆడవాళ్లలో చాలామంది సొంత ఫొటో పెట్టరు, దేవుడి బొమ్మో గులాబీ పువ్వో పెడతారు. పెట్టకపోవడానికి వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి.

ఖాతా వయసు సంగతైతే ఈ పోటీలో మరీ ప్రమాదం. మీ పోటీదారు ఏం చేసి ఉంటుంది? ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో 'మా ముగ్గుకి లైక్ కొట్టండి ప్లీజ్' అని లింక్ పెట్టి ఉంటుంది. పిన్నులు, బాబాయిలు, వదినలు, అమెరికాలో ఉన్న బావగారు అంతా ఆ రాత్రే యాప్ దించుకుని, ఒక్క లైక్ కొట్టి, మళ్లీ తెరవలేదు. కొత్త ఖాతా, ఒకే లైక్, ఫొటో లేదు, ఒకే రాత్రి. మీ మోడల్ కంటికి వాళ్లు అచ్చం దొంగలే. మీరు చేత్తో ఏరిన 200 మందిలో కూడా ఇలాంటి బంధువులు ఎంతమంది ఉన్నారో నాకు అనుమానమే. అదే నిజమైతే మోడల్ మీరు నేర్పిన తప్పునే 99 శాతం కరెక్టుగా అప్పజెప్తోంది.

మరి అసలు దొంగ ఎక్కడ దొరుకుతాడు? ఒక్కో ఖాతాను విడిగా చూస్తే దొరకడు. ఒకడే కూర్చుని పది ఖాతాలు నడుపుతున్నప్పుడు వాటి మధ్య మిగిలే పోలికలో దొరుకుతాడు.

లైకులు అమ్మేవాడి వ్యాపారం ఆలోచించండి. వాడి దగ్గర మూడొందల ఖాతాలున్నాయి. ఒక్క ముగ్గుకి లైక్ కొట్టి పారేస్తే వాడికి గిట్టదు. సిమ్ ఖర్చు, ఫోన్ ఖర్చు, ఓటీపీ ఖర్చు ఉంటాయి కదా. 2017లో థాయ్‌లాండ్‌లో, కంబోడియా సరిహద్దు దగ్గర ఒక ఇంట్లో పోలీసులకు దాదాపు 500 ఫోన్లు, మూడు లక్షలకు పైగా సిమ్ కార్డులు దొరికాయి. చైనా వాళ్లు ముగ్గురు వాటితో వీచాట్‌లో లైకుల వ్యాపారం నడుపుతున్నారు. అంత పెట్టుబడి పెట్టినవాడు అదే ఖాతాను మళ్లీ మళ్లీ అమ్ముకోవాలి. కాబట్టి ఆ మూడొందల ఖాతాలు ఇవాళ మీ ముగ్గు మీద, రేపు ఒక చీరల షాపు పేజీ మీద, ఎల్లుండి షాద్‌నగర్ వైపు ప్లాట్లు అమ్మేవాడి పోస్ట్ మీద, ఆ తర్వాత ఒక జ్యోతిష్కుడి మీద కలిసి వాలతాయి. పిన్నులూ బాబాయిలూ అలా వాలరు. వాళ్లు కలిసి వచ్చేది ఒక్క చోటికే, వాళ్లమ్మాయి ముగ్గుకి.

ఫేస్‌బుక్ 2013లో బయటపెట్టిన కాపీక్యాచ్ పద్ధతికి మూలం సరిగ్గా ఇదే. ఒకే ఖాతాల గుంపు, ఒకే పేజీల గుంపును, దాదాపు ఒకే సమయాల్లో లైక్ చేసిందా? 'ఒకే సమయం' అంటే అందరూ ఒకే గంటలో అని కాదు. ఈ పేజీకి సోమవారం సాయంత్రం, ఆ పేజీకి బుధవారం పొద్దున, అలా ఒక్కో పేజీకి ఒక్కో చిన్న సమయం ఉంటుంది, గుంపులో వాళ్లంతా ఆయా సమయాల్లోనే కనిపిస్తారు. మరుసటి ఏడాది వచ్చిన సింక్రోట్రాప్ ఇదే ఆలోచనను ఫొటో అప్‌లోడ్లు, లాగిన్‌లు, ఇన్‌స్టాగ్రామ్ ఫాలోల దాకా తీసుకెళ్లింది. ఒక్క నెలలో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో 20 లక్షలకు పైగా ఖాతాలను, 1,156 పెద్ద దాడులను పట్టింది. ఈ రెండింటిలోనూ డీప్ లెర్నింగ్ లేదు. పోలిక కొలిచి, దగ్గరగా ఉన్నవాటిని గుంపులు కట్టడమే.

మీ స్థాయికి దీన్ని ఒక మధ్యాహ్నంలో రాసేయొచ్చు. లాగ్‌లో (యాప్ రాసిపెట్టుకునే చిట్టాలో) మూడు కాలమ్‌లు చాలు: యూజర్, పోస్ట్, సమయం. అందరినీ అందరితో పోల్చకండి, 40 వేల మందికి జంటలే 80 కోట్లవుతాయి. 'ఈ పోస్ట్, ఈ గంట' అనేదాన్ని ఒక డబ్బా అనుకోండి. ఒకే డబ్బాలో పడిన యూజర్లను మాత్రమే జంటలు కట్టండి. ప్రతి జంటకూ ఉమ్మడిగా ఎన్ని డబ్బాలున్నాయో లెక్కపెట్టి, ఇద్దరివీ కలిపిన మొత్తం డబ్బాలతో భాగించండి. మూడో నాలుగో ఉమ్మడి డబ్బాలు దాటి, ఆ నిష్పత్తి కూడా ఎక్కువగా ఉన్న జంటల మధ్య గీత గీయండి. గీతలతో కలిసిపోయిన గుంపులే మీ అనుమానితులు. ఒక్క మెలిక ఉంది. 9:59కి ఒకడు, 10:01కి ఒకడు కొడితే వాళ్లు వేరు వేరు డబ్బాల్లో పడతారు. అందుకే అరగంట జరిపి రెండో వరస డబ్బాలు కూడా కట్టండి. నేను మొదటిసారి ఇది మర్చిపోయి, సరిగ్గా గంట మారేటప్పుడు పనిచేసే గుంపు ఒకదాన్ని రెండు వారాలు వదిలేశాను.

దొంగ ఊరికే కూర్చోడు. మనిషిలా కనిపించడానికి అందరూ లైక్ చేసే పోస్టులకీ లైకులు కొడతాడు. సినిమా ట్రైలర్, క్రికెట్ వీడియో, తిరుమల ఫొటో. అందుకే జంటల లెక్కలో ప్రతి ఉమ్మడి లైక్‌కూ ఒకే విలువ ఇవ్వొద్దు. పదివేల మంది లైక్ చేసిన ట్రైలర్ దగ్గర ఇద్దరు కలవడం వింత కాదు, అరవై మంది కూడా చూడని ప్లాట్ల ప్రకటన దగ్గర కలిస్తే వింత. పోస్ట్‌కి ఎన్ని లైకులుంటే అంత తక్కువ బరువు వేయండి. లైకుల సంఖ్యకి లాగరిథమ్ తీసి దానితో భాగిస్తే సరిపోతుంది. 2016లో వచ్చిన ఫ్రాడార్ అనే పద్ధతి ఇలాగే బరువులు తగ్గించి, దొంగల వేషాలకు లొంగకుండా నిలబడింది. దాన్ని ట్విట్టర్‌లో దాదాపు 150 కోట్ల ఫాలో లింకుల మీద నడిపితే నాలుగు వేలకు పైగా ఖాతాలున్న ముద్ద ఒకటి తేలింది, వాటిలో ఎక్కువ ఖాతాలు ఫాలోవర్లు అమ్మే సర్వీసులు వాడినట్టు వాటి ట్వీట్లలోనే ఉంది.

ఒక్కో ఖాతాగా చూస్తే ఏమీ కనబడదనడానికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ ట్విట్టర్‌లోని స్టార్ వార్స్ బాట్‌నెట్. బాట్ అంటే మనిషి కాక ప్రోగ్రామ్ నడిపే ఖాతా, అలాంటివాటి గుంపు బాట్‌నెట్. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులిద్దరు ట్వీట్ల లొకేషన్లను మ్యాప్ మీద చుక్కలుగా వేసి చూస్తున్నారు. జనం ఉన్న చోట చుక్కలు దట్టంగా, లేని చోట పల్చగా ఉండాలి కదా. కానీ యూరప్ మీద, ఉత్తర అమెరికా మీద రెండు దీర్ఘచతురస్రాలు, రూలర్ పెట్టి గీసినట్టు. సముద్రంలోనూ చుక్కలే, ఎడారిలోనూ చుక్కలే! ఆ ఖాతాలు తెరిచి చూస్తే అన్నీ విండోస్ ఫోన్ నుంచే, అన్నీ 2013 జూన్, జులైల్లో పుట్టినవే, అన్నిటి ట్వీట్లూ స్టార్ వార్స్ నవలల్లోంచి కత్తిరించిన ముక్కలే. చివరికి లెక్క మూడున్నర లక్షలు దాటింది. ఒక్కో ఖాతాకు పదో పదకొండో ట్వీట్లు, కొద్దిమంది ఫాలోవర్లు. ఏ ఒక్కదాన్ని తీసుకున్నా బద్ధకస్తుడైన మనిషే అనుకుంటారు. 2017 దాకా ఎవరూ పట్టించుకోలేదు.

ఇక్కడ మన సొంత తలనొప్పి ఒకటుంది: మనవాళ్లు నిజంగానే కలిసి చేస్తారు. హీరో పుట్టినరోజుకి అభిమానులు ముందే ట్యాగ్ ప్రకటించి, ఫలానా సాయంత్రం ఆరింటికి అని టైమ్ పెట్టుకుని, అందరూ ఒకే కామన్ డీపీ మార్చుకుని, ఒకే నిమిషంలో మొదలుపెడతారు. పేర్లలో కూడా హీరో పేరే. బాట్‌లకు ఉండాల్సిన లక్షణాలన్నీ ఉంటాయి, కానీ వాళ్లు రక్తమాంసాలున్న మనుషులు. మీ యాప్‌లో ఏ అభిమాన సంఘమో ఉంటే గుంపుల లెక్కలో ముందు వాళ్లే తేలతారు.

వేరు చేయడం ఎలా? నేను చూసేవి మూడు. ఒకటి, ఇందాక చెప్పిందే: ఆ గుంపు కలిసే చోట్లన్నీ ఒకే విషయానివా, పొంతన లేనివా? అభిమానులు ఒక్క హీరో చుట్టూ కలుస్తారు, కూలి గుంపు ఎవరు డబ్బిస్తే వాళ్ల చుట్టూ. రెండు, తోక. నిజమైన జనం ఆరింటికి ఉప్పెనలా వస్తారు, ఆ తర్వాత డ్యూటీ దిగి ఒకడు, బస్సులో సిగ్నల్ వచ్చాక ఇంకొకడు, మర్నాడు పొద్దున దుబాయ్ నుంచి మరొకడు వస్తూనే ఉంటారు. కొన్న లైకులు ఆర్డర్ చేసిన అంకె దగ్గర ఠక్కున ఆగిపోతాయి. మీ గ్రాఫ్‌లో 500 దగ్గరో వెయ్యి దగ్గరో గోడ కట్టినట్టు ఆగిన ముగ్గు ఉంటే ముందు దాన్నే చూడండి. మూడు, ఆ కలయికకు ముందూ వెనకా వాళ్లకు బతుకుందా? వ్యాఖ్యలు రాశారా, ఎవరితోనైనా పోట్లాడారా, రాత్రి నిద్రపోయారా?

నిద్ర సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నా, 'రాత్రి రెండింటికి లైకులా!' అని ఎగరకండి. జనవరిలో డాలస్ మనకంటే పదకొండున్నర గంటలు వెనక. అక్కడి తెలుగువాళ్లకి అది మధ్యాహ్నం రెండున్నర. ఒక ఖాతా ఏ సమయంలో నిద్రపోతోందన్నది ముఖ్యం కాదు, అసలు నిద్రపోతోందా లేదా అన్నదే ముఖ్యం. అలాగే రెండు లైకుల మధ్య ఎడం చూడండి. లైకులు కొట్టే ప్రోగ్రామ్ రాసినవాడు తెలివిగా 60 నుంచి 120 సెకన్ల మధ్య ఏదో ఒక అంకె అని పెడతాడు. మనిషి అలా ఉండడు. పది లైకులు గబగబా కొట్టి, పాలు పొంగుతున్నాయని లేచి వెళ్లి, మూడు గంటల తర్వాత తిరిగొస్తాడు.

పోస్టులో ఏముందో చదవకుండా ప్రవర్తనతోనే ఎంత దూరం వెళ్లొచ్చో వాట్సాప్‌ను చూస్తే తెలుస్తుంది. మెసేజ్‌లు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి కాబట్టి వాళ్లు చదవలేరు. 2019 ఫిబ్రవరిలో, మన ఎన్నికల ముందు, తమ పద్ధతి గురించి ఒక పత్రం విడుదల చేశారు. నెలకు 20 లక్షలకు పైగా ఖాతాలు తీసేస్తున్నామని, అందులో 75 శాతానికి పైగా ఎవరూ ఈమధ్య ఫిర్యాదు చేయకుండానే దొరికినవని అందులో ఉంది. ఐదు నిమిషాల క్రితం పుట్టిన ఖాతా 15 సెకన్లలో 100 మెసేజ్‌లు పంపబోతే అది మనిషి పని కాదు. ఇంకో గుర్తు నాకు భలే నచ్చింది. మనం రాస్తున్నప్పుడు అవతలివాళ్లకు 'టైపింగ్' అని కనిపిస్తుంది కదా, ఆటోమేషన్ రాసినవాళ్లు కొందరు ఆ సంకేతం పంపడం మర్చిపోతారట. మీ యాప్‌లోనూ ఇలాంటివి ఉంటాయి. లైక్ కొట్టేముందు మనిషి ఫొటో తెరుస్తాడు, కొంచెం స్క్రోల్ చేస్తాడు. నేరుగా లైక్ మాత్రమే వచ్చి, ఫొటో లోడ్ అయిన ఆనవాలు లేకపోతే అక్కడ అసలు కన్ను లేదన్నమాట.

ఫిర్యాదుల మీద మాత్రం ఆధారపడకండి. రిపోర్ట్ బటన్ కూడా ఆయుధమే. ఒక హీరో అభిమానులు ఇంకో హీరో అభిమానులను గుంపుగా రిపోర్ట్ కొట్టడం మీకు తెలియంది కాదు. స్పెయిన్‌లో త్వెంతీ అనే సోషల్ నెట్‌వర్క్ ఉండేది. అక్కడ యూజర్ల ఫిర్యాదులు పట్టుకుని చూస్తే నూటికి ఐదు మాత్రమే దొంగ ఖాతాలు తేలేవి. 2012లో సిబిల్‌ర్యాంక్ అనే పద్ధతితో, నమ్మకమైన యూజర్ల నుంచి స్నేహాల మీదుగా నమ్మకాన్ని కొద్ది అడుగులు పారించి, ఎవరి దాకా తక్కువ చేరిందో చూశారు. అట్టడుగున తేలిన రెండు లక్షల ఖాతాల్లో దాదాపు 90 శాతం తీసేయాల్సినవే. బాగుంది కదా అని మీరు వెంటనే అటు పరిగెత్తకండి. అది పనిచేయాలంటే మంచివాళ్లు దొంగల స్నేహం ఒప్పుకోకూడదు. చైనాలో రెన్‌రెన్ మీద 2011లో వచ్చిన అధ్యయనంలో దొంగ ఖాతాల స్నేహాలు ఎక్కువగా మామూలు జనంతోనే ఉన్నాయి. అందమైన అమ్మాయి ఫొటో పెట్టిన రిక్వెస్ట్ వస్తే మనవాళ్లు ఒప్పుకోకుండా ఉంటారా? జీఎన్ఎన్ ఇప్పుడే వద్దన్నది కూడా అందుకే. ఎవరు దొంగ, ఎవరు కాదు అని నమ్మదగిన లేబుళ్లు లేవు, ఎవరికెవరు స్నేహితులో చూపే గ్రాఫ్ నమ్మదగినది కాదు. ఇంత చేసినా ఎందుకు బ్లాక్ అయ్యాడో అడిగితే చెప్పలేరు. గుంపుల లెక్కలో అయితే 'ఈ 140 మంది ఈ ఐదు పోస్టుల దగ్గర ఈ ఐదు సాయంత్రాలు కలిశారు' అని కాగితం మీద చూపించొచ్చు.

ఇంకో రకం దొంగతనం ఉంది, దానికి ఈ గుంపుల లెక్క పనికిరాదు: నిజమైన మనిషి ఖాతాను ఎవడో కొట్టేయడం. 'అన్నా, అర్జెంట్‌గా పదివేలు ఫోన్‌పే చెయ్' అని స్నేహితుడి పేరుతో వచ్చే మెసేజ్‌లు ఆ బాపతే. ఇక్కడ పోల్చాల్సింది ఆ ఖాతా నిన్నటి నడవడితోనే. 2013 ఏప్రిల్ 23న ఏపీ ట్విట్టర్ ఖాతాను (మన ఏపీ కాదు, అసోసియేటెడ్ ప్రెస్ అనే అమెరికా వార్తాసంస్థ) హ్యాక్ చేసి, వైట్‌హౌస్‌లో పేలుళ్లు, ఒబామాకు గాయాలు అని పెట్టారు. నిమిషాల్లో అమెరికా స్టాక్ మార్కెట్ పడి లేచింది. ఆ ట్వీట్ వాళ్లు మామూలుగా వాడే షెడ్యూలింగ్ టూల్ నుంచి కాక నేరుగా వెబ్ నుంచి వచ్చింది. ఆ ఒక్క తేడా చాలు, కనీసం ఒక్క నిమిషం ఆపి అడగడానికి. మీకు ఇప్పుడే ఈ సమస్య లేకపోవచ్చు, కానీ లాగిన్ అయిన పరికరం, సమయం దాచిపెట్టడం ఇవాళ్టి నుంచే మొదలుపెట్టండి. తర్వాత కావాలంటే పాత డేటా దొరకదు.

చివరగా, దొరికినవాళ్లను ఏం చేయాలి? బ్లాక్ చేయకండి. దొరికిన ప్రతి ఖాతానూ వెంటనే బ్లాక్ చేస్తే దేని వల్ల దొరికాడో వాడికి పాఠం చెప్పినట్టే, రేపు డబ్బా మార్చుకుని వస్తాడు. లైకులు వాడి స్క్రీన్ మీద కనిపించనివ్వండి, పోటీ లెక్కలో మాత్రం కలపకండి. అనుమానం బలంగా ఉన్న గుంపుకి మళ్లీ ఓటీపీ అడగండి. మనిషైతే విసుక్కుంటూనైనా కొడతాడు, సిమ్ పారేసినవాడు కొట్టలేడు. అమాయకుడు ఇరుక్కున్నా వాడికి పోయేది అర నిమిషమే.

బంధువుల లైకుల సంగతి మోడల్ తేల్చేది కాదు, మీరు తేల్చాల్సింది. పిన్ని వచ్చి లైక్ కొట్టడం తప్పనుకుంటే పోటీ మొదలయ్యే నాటికి ఖాతా ఉన్నవాళ్ల లైకులే లెక్కిస్తామని వచ్చే ఏడు నియమాల్లో రాయండి. ఈ ఏడు రాయలేదు కాబట్టి అవి చెల్లుతాయి.

గుంపుల జాబితా వచ్చాక ఇక్కడ పెడితే నేను కూడా చూస్తాను. పెట్టేముందు యూజర్ ఐడీలు మార్చేసి, ఫోన్ నంబర్ల కాలమ్ పూర్తిగా తీసేయండి. అంతదాకా మిక్సీ డబ్బా విప్పకండి.